కిచెన్‌ల హాబ్ పాడైందా? తక్కువ ఖర్చుల కొత్తది ఎట్ల తీసుకోవాలె

హాబ్ అంటే గ్రానైట్‌ల కోసిన రంధ్రంల దించి బిగించే గ్యాస్ పొయ్యి, దాని గురించి ఈ ప్రశ్న మళ్లా మళ్లా వస్తనే ఉంది. "ఇల్లు కట్టినప్పుడు గ్రానైట్ కోయించి హాబ్ పెట్టించినం, ఇప్పుడది పాడైంది, ఆ మోడల్ వస్తలేదు అంటున్రు, తక్కువల ఏది తీసుకోవాలె?" అని నల్గొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, ఇటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి నుంచి అందరూ ఇదే అడుగుతున్రు. ఒక్కొక్కరికి విడిగ చెప్పే బదులు అంతా ఒక్క దగ్గర రాస్తున్న.

ముందే ఒక మాట. హాబ్ మార్చేటప్పుడు బ్రాండ్ కన్నా, బర్నర్ల కన్నా, ఆఫర్ కన్నా ముందు చూడాల్సింది మీ గ్రానైట్‌ల ఉన్న కటౌట్, అంటే హాబ్ దించడానికి కోసిన రంధ్రం. దానికి సరిపోయేది కొంటే ఖర్చు హాబ్‌తోనే ఆగుతది. సరిపోనిది కొంటే గ్రానైట్ కోసే ఆయన, కార్పెంటరు, ఇంటి నిండ దుమ్ము, రెండు రోజులు వంట బంద్, అన్నీ మీద పడ్తయ్, వెయ్యి రూపాయలు తక్కువకు దొరికిందనుకున్నది చివరికి మూడు వేలు ఎక్కువైతది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్టీల్ టేపు, కాగితం, పెన్ను, ఫోన్ టార్చ్
- పాత హాబ్ మోడల్ నంబర్ (బిల్లు లేకుంటే హాబ్ అడుగున స్టిక్కర్ మీద ఉంటది, కింద అల్మారీలకు తల పెట్టి ఫొటో తీసుకోండి)
- మీ ఇంట్ల వాడే పెద్ద గంజు, రొట్టెల పెంక అడ్డం కొలత
- చిన్న అయస్కాంతం
- సబ్బు నీళ్లు, పాత బ్రష్ (ఇవి చివర్ల పనికొస్తయ్, అందరూ మర్చిపోయేది ఇదే)

1. నిజంగ మార్చాల్సిందేనా, చూసుకోండి

మంట పసుపు పచ్చగ వస్తుంది, గిన్నెలు నల్లగైతున్నయ్ అంటే హాబ్ పోయినట్టు కాదు. బర్నర్ రంధ్రాల్ల అన్నం గంజి, పాలు పొంగి ఎండిపోయి ఉంటయ్, లేకుంటే జెట్‌ల చెత్త ఉంటది. బర్నర్ తీసి వేడి నీళ్లల్ల నానేసి బ్రష్‌తో రుద్ది, పూర్తిగ ఆరినంక పెట్టి చూడండి. జెట్ అంటే లోపల గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క, దాన్ల సూదో పిన్నీసో పెట్టి గుచ్చొద్దు, రంధ్రం పెద్దగైతే గ్యాస్ ఎక్కువ వచ్చి మంట ఇంకా పచ్చగ అయితది, బండ (గ్యాస్ సిలిండర్) తొందరగ అయిపోతది. జెట్ కొత్తది వేయించుకోవడమే మంచిది, పెద్ద ఖర్చేం కాదు.

నాబ్ బిగుసుకుపోయింది, చటుక్కున అంటుకుంటలేదు, పాన్ సపోర్ట్ (గిన్నె పెట్టే స్టాండ్) విరిగింది, ఇవన్నీ కూడ రిపేరే. ఆటో ఇగ్నిషన్ (లైటర్ లేకుండ నాబ్ తిప్పితేనే అంటుకునేది) పోయిందంటే చాలాసార్లు అడుగున ఉన్న బ్యాటరీ అయిపోయి ఉంటది, అది కూడ చూడకుండ కొత్త హాబ్ కొనేటోళ్లు ఉన్నరు.

మార్చాల్సిందే అనేటివి ఇవి: గ్లాస్ పగిలింది లేదా సన్నగ చీలింది (అసలు వాడొద్దు, ఆ రోజే బంద్ చేయండి), బర్నర్ కింద గొట్టం తుప్పు పట్టి రంధ్రాలు పడ్డయ్, నాబ్ దగ్గర గ్యాస్ లీక్ రిపేర్ చేసినా మళ్లా వస్తుంది, స్పేర్ పార్ట్ ఎక్కడా దొరకది. రిపేర్ ఖర్చు కొత్తదాన్ల సగం దాటుతుంటే నేనైతే రిపేర్ చేయించుకోమని చెప్ప.

ఒక పని చేసి పెట్టుకోండి. పాతది ఇంకా వెలుగుతుంటే, ఒక లీటర్ నీళ్లు మూత పెట్టి పెద్ద బర్నర్ మీద ఎంతసేపట్ల మరుగుతయో టైం రాసుకోండి. కొత్తది వచ్చినంక పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

2. కొలతలు తీసుకోండి, అదీ సరిగ్గ

రెగ్యులేటర్ బంద్ చేసి, పైపు ఊడదీసి, హాబ్‌ను ఇద్దరు పట్టి పైకి లేపండి. చాలామంది పైన గ్లాస్ కొలిచి దుకాణానికి పోతరు, అది తప్పు. గ్లాస్ సైజు వేరు, కటౌట్ సైజు వేరు. 60 సెంటీమీటర్ల గ్లాస్ ఉన్న రెండు కంపెనీల హాబ్‌లకు కటౌట్ వేరే వేరే ఉండొచ్చు, అందరూ ఒకే సైజు పాటించాలె అనేదేం లేదు.

రాసుకోవాల్సినవి:

- కటౌట్ పొడవు, వెడల్పు. మెషిన్‌తో చేతుల మీద కోసిందే కాబట్టి ఒక్క దగ్గర కొలిస్తే చాలదు, రెండు మూడు దగ్గర్ల కొలిచి అన్నిట్ల తక్కువది తీసుకోండి
- కటౌట్ ముందు అంచు నుంచి గ్రానైట్ చివరి వరకు ఎంత ఉంది, వెనక గోడ వరకు ఎంత ఉంది
- గ్రానైట్ మందం
- కింద ఎంత లోతు ఖాళీ ఉంది. కింద సొరుగు ఉంటే సొరుగు పైఅంచు వరకే కొలవాలె, కొన్ని హాబ్‌ల బాక్సు లోతుగ ఉంటది, సొరుగు మూయరాదు
- గ్యాస్ పైపు కుడి దిక్కు నుంచి వస్తుందా, ఎడమ దిక్కు నుంచా

కొత్త హాబ్ అడిగే కటౌట్ మీదాని కన్నా కొంచెం చిన్నగ ఉంటే చాలాసార్లు నడుస్తది, గ్లాస్ నలుదిక్కుల గ్రానైట్ మీద మంచిగ కూర్చుంటే, కింది క్లాంపులకు అందితే చాలు. పెద్దగ ఉంటే మాత్రం కోయాలె. కోస్తే ముందు దిక్కు మిగిలే సన్న పట్టీ ఉంటది చూడండి, ప్రమాదం అంతా అక్కడనే. ఇప్పటికే మూడు నాలుగు వేళ్ల వెడల్పే ఉంటే కోయించొద్దు, ఇయ్యాల కాకున్నా రేపు బరువైన గంజు దించినప్పుడు పగుల్తది. పాత ఇండ్లల్ల షాబాదు బండ ఉంటే ఇంకా జాగ్రత్త, అది పొరలు పొరలుగ లేస్తది.

3. మీ ముందు ఉన్న దారులు

ఇక్కడే పైసలు మిగిలేది, కాబట్టి కొంచెం ఓపికతో చదవండి.

*ఒకటి, అదే కటౌట్‌ల పట్టే కొత్త హాబ్.* కిచెన్ అట్లనే ఉంటది, పని గంటల్ల అయిపోతది. సుమారుగ తొమ్మిది, పది వేల నుంచి మొదలై ఇరవై వేల పైకి పోతయ్. ముందు పాత కంపెనీదే కొత్త మోడల్ కటౌట్ ఎంతో చూడండి, ఒక్కోసారి అదే సైజు కొనసాగిస్తరు.

*రెండు, హాబ్‌టాప్.* ఇది రెండు రకాలుగ వాడుకోవచ్చు, కటౌట్‌ల దించొచ్చు లేదంటే కాళ్లు బిగించి పైన పెట్టుకోవచ్చు. కిరాయి ఇంట్ల ఉండేటోళ్లకు, ఇల్లు మారే ఆలోచన ఉన్నోళ్లకు నేను ఇదే చెప్త, పోయేటప్పుడు పట్టుకపోవచ్చు.

*మూడు, కటౌట్ మూసేసి మామూలు గ్యాస్ పొయ్యి పెట్టుకోవడం.* అందరి కన్నా తక్కువ ఖర్చు. మూడు బర్నర్ల గ్లాస్ పొయ్యి సుమారు మూడు నుంచి అయిదు వేలల్ల వస్తది, రెండు బర్నర్ల స్టీల్‌ది ఇంకా తక్కువ. కటౌట్ మీద అదే రంగు గ్రానైట్ ముక్క పెట్టించి సిలికాన్ కొట్టిస్తే సరి, గ్రానైట్ దుకాణాల్ల చిన్న ముక్కలు తక్కువకే ఇస్తరు. రంధ్రాన్ని తెరిచి ఉంచి దాని మీదనే పొయ్యి కాళ్లు ఆనించొద్దు, జారితే గంజుతో సహా కింద పడ్తది. ప్లైవుడ్ ముక్క కూడ వేయొద్దు, నీళ్లకు ఉబ్బుతది, వేడి తగుల్తది. "అయ్యో హాబ్ తీసేసి మామూలు పొయ్యా" అని చుట్టాలు అనొచ్చు గాని వంట రుచిల తేడా ఏమీ ఉండది, కడగడం ఇంకా సులువు.

*నాలుగు, ఇండక్షన్.* పూర్తిగ దీని మీదికే మారాలంటే మన వంటకు ఇబ్బంది. అల్యూమినియం గంజులు పని చేయవు, అడుగు గుండ్రంగ ఉన్న రొట్టెల పెంక పని చేయది, కరెంట్ పోతే వంట ఆగుతది, మామూలు ఇంటి ఇన్వర్టర్ దాన్ని లాగలేదు. అయస్కాంతం గిన్నె అడుగుకు గట్టిగ అతుక్కుంటేనే ఆ గిన్నె పనికొస్తది. 2000 వాట్లది ఫుల్లుగ అరగంట నడిస్తే ఒక యూనిట్ కాలుతది, పెద్ద ప్లగ్గు అంటే 16 ఆంపియర్లదే వాడాలె. అయితే చిన్న గ్యాస్ పొయ్యి ప్లస్ ఒక ఇండక్షన్ అనే జోడీ మాత్రం మంచిదే, చాయ్, పాలు, నీళ్లు దాని మీద పోతే మూడో బర్నర్ అక్కర ఉండది.

4. ఎన్ని బర్నర్లు, ఎంత దూరం

నలుగురు ఉన్న ఇంటికి మూడు చాలు. నాలుగు బర్నర్ల హాబ్ కొని నాలుగూ ఒక్కసారి వెలిగించే ఇల్లు చాలా తక్కువ, నాలుగో దానికి పెట్టే పైసలు మంచి బర్నర్‌కు పెట్టండి.

లెక్క కన్నా బర్నర్ల మధ్య ఎడం ముఖ్యం. చిన్న గ్లాస్ మీద మూడు బర్నర్లు ఇరికిస్తరు, ఒక దాని మీద కుక్కర్, ఇంకో దాని మీద గంజు పెడితే మూడోది ఖాళీనే ఉంటది, అట్లాంటప్పుడు మూడు ఎందుకు? దుకాణంల టేపు తీసి ఒక బర్నర్ నడుమ నుంచి ఇంకో బర్నర్ నడుమ వరకు కొలవండి. మీ రెండు పెద్ద గిన్నెల అడ్డం కొలతలు కలిపి సగం చేస్తే ఎంత వస్తదో, ఆ ఎడం అంతకన్నా ఎక్కువ ఉండాలె.

జొన్నరొట్టె రోజూ చేసే ఇల్లయితే ఇంకోటి చూడండి. పెద్ద ఇనుప పెంక బర్నర్‌ను మొత్తం కప్పేస్తది, వేడి కిందికి తిరిగి గ్లాస్ మీద కొడ్తది, గ్లాస్ పగలడానికి ఇదొక కారణం. పాన్ సపోర్ట్ ఎత్తు మంచిగ ఉన్నది, పెంక అంచు నాబ్‌ల మీదికి రానిది చూసుకోండి. రొట్టెలు, సర్వపిండి బాగ చేసేటోళ్లు, పండుగకు సకినాలు గంపలకొద్ది కాల్చేటోళ్లు గ్లాస్ కన్నా స్టీల్ టాప్ తీసుకోవడమే నయం అని నా గట్టి అభిప్రాయం. మెరుపు తక్కువ, నిజమే, కానీ గుండె దడ ఉండది.

5. చేతితో పట్టి చూడాల్సినవి

బర్నర్: ఇత్తడిది ఎక్కువ కాలం వస్తది. అల్యూమినియం మీద పసుపు రంగు పూత వేసినవి కూడ ఉంటయ్, చేతిల పట్టుకుంటే బరువుల తేడా తెలుస్తది, అడుగు దిక్కు తిప్పి చూస్తే రంగు మారి కనిపిస్తది. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, రెండిటికీ అతుక్కోదు.

గ్లాస్: టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గ్లాస్) అని మూలకు ముద్ర ఉండాలె. ఒక్కసారి టఫెన్ చేసిన గ్లాస్‌ను తర్వాత కోయరాదు, రంధ్రం వేయరాదు, కోస్తే మొత్తం ముక్కలైతది. కాబట్టి "కొంచెం గ్లాస్ కోసి సెట్ చేస్తం" అని ఎవరన్న అంటే ఆయన మాట వినకండి.

పాన్ సపోర్ట్: గంజు నిండ నీళ్లు పోసి పెట్టినా ఊగొద్దు. నాబ్: సిమ్‌ల పెడితే ఆగి నిలబడాలె, వదులుగ తిరగొద్దు.

బోరు నీళ్లు వాడే ఊర్లల్ల నల్ల గ్లాస్ మీద తెల్ల మరకలు పడ్తనే ఉంటయ్, రోజూ పొడి బట్టతో తుడిచే ఓపిక లేకుంటే స్టీలే చూడండి.

6. ఐఎస్‌ఐ గుర్తు

ఇంటి ఎల్‌పీజీ పొయ్యికి ఐఎస్ 4246 అనే ప్రమాణం ఉంది. ఐఎస్‌ఐ గుర్తు పైన ఆ నంబర్, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబర్ ఉంటయ్. ఫోన్‌ల బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకొని ఆ లైసెన్స్ నంబర్ కొడితే కంపెనీ పేరు, లైసెన్స్ నడుస్తుందా లేదా వస్తది. దుకాణంల నిలబడే చూడండి, రెండు నిమిషాల పని. ఆ ప్రమాణం ప్రకారం పొయ్యి కనీసం 68 శాతం వేడి గిన్నెకు అందియ్యాలె, కొన్నిటి మీద బీఈఈ (ఇంధన ఆదా చూసే ప్రభుత్వ సంస్థ) స్టార్ లేబుల్ కూడ ఉంటది, ఒకే ధరల రెండు ఉంటే స్టార్ ఎక్కువున్నది తీసుకోండి. హాబ్ అయినా సరే ఈ గుర్తు అడగండి, చూపియ్యకుంటే ఇంకో మోడల్ చూడండి.

మీ కాలనీల పైప్ గ్యాస్ ఉంటే దానికి జెట్లు వేరు. సిలిండర్ పొయ్యిని అట్లనే పైప్ గ్యాస్‌కు తగిలించొద్దు, ముందే చెప్పి జెట్లు మార్పించుకోవాలె.

7. ఏ సౌకర్యానికి పైసలు పెట్టాలె

ఆటో ఇగ్నిషన్ ఉంటే మంచిదే, లేకున్నా లైటర్ ఉంది. టైమర్, డిజిటల్ నాబ్, రంగు డిజైన్, ఇవి తక్కువ బడ్జెట్‌ల అక్కర లేదు.

ఒక్కదానికి మాత్రం ఎక్కువ పెట్టొచ్చు, అదే ఫ్లేమ్ ఫెయిల్యూర్ సేఫ్టీ. గాలికో, పాలు పొంగో మంట ఆరితే అదే గ్యాస్ బంద్ చేస్తది. ఇంట్ల పెద్దోళ్లు ఒంటరిగ వంట చేస్తుంటే, వాసన సరిగ తెలవనోళ్లు ఉంటే ఇది ఉన్నదే చూడండి. వెలిగించినంక నాబ్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలె, లేకుంటే ఆరిపోతది, అది రిపేర్ కాదు, దాని పద్ధతే అంత. అమ్మకు ఆ మాట ముందే చెప్పండి.

8. కొనే దగ్గర

నల్గొండల ప్రకాశం బజార్, మహబూబ్‌నగర్‌ల క్లాక్ టవర్ చుట్టుపక్కల దుకాణాలు తిరిగి చూడండి, ఆన్‌లైన్ రేటు ఫోన్‌ల చూపించి అడిగితే చాలామంది తగ్గిస్తరు. అడగాల్సినవి:

- కటౌట్ కొలత కాగితం మీద చూపియ్యండి (నోటి మాట వద్దు, బాక్సు లోపల పుస్తకంల బొమ్మతో సహా ఉంటది)
- బిగించేది ఎవరు, ఫ్రీనా? ఫ్రీ అంటే గ్రానైట్ కోత అందుల ఉండది
- గ్లాస్‌కు ఎన్నేండ్లు, బర్నర్‌కు ఎన్నేండ్లు, వాల్వ్‌కు ఎన్నేండ్లు? బాక్సు మీద పెద్దగ రాసిన వారంటీ చాలాసార్లు ఏదో ఒక్క భాగానికే ఉంటది
- సర్వీస్ మనిషి ఎక్కడి నుంచి వస్తడు? హైదరాబాద్ నుంచే రావాలంటే దేవరకొండకో, అచ్చంపేటకో ఎన్ని రోజులకు వస్తడో మీరే ఆలోచించండి. సర్వీస్ దగ్గర్ల ఉన్న మామూలు బ్రాండ్, సర్వీస్ లేని పెద్ద బ్రాండ్ కన్నా మేలు
- బిల్లు మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోండి

ఆన్‌లైన్‌ల తీసుకుంటే మీ పిన్‌కోడ్‌కు సర్వీస్ ఉందా అని ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి, గ్లాస్ మూల పగిలి వస్తే అదే మీకు సాక్ష్యం. పాతది తీసి పారేయకండి, ఇత్తడి బర్నర్లకు పాత సామాన్ల దుకాణంల మంచి రేటే వస్తది.

9. బిగించేటప్పుడు

మీరే చేయొద్దు, మెకానిక్‌ను పిలవండి, కానీ పక్కన నిలబడి ఇవి చూడండి.

పైపు ఐఎస్‌ఐ సురక్ష పైపే (లోపల స్టీల్ తీగ ఉండే రబ్బరు గ్యాస్ పైపు) ఉండాలె. అయిదేండ్లు దాటితే హాబ్‌తో పాటే మార్చేయండి, కొత్త హాబ్‌కు పాత పైపు పెట్టడం అందరూ చేసే తప్పు. పొడవు మీటరున్నర దాటొద్దు, రెండు ముక్కలు అతికించొద్దు, హాబ్ బాక్సు అడుగుకు ఆనుకుంటూ పోవొద్దు. సిలిండర్ నిటారుగ నేల మీద, హాబ్ దాని కన్నా ఎత్తుల.

ఇంకోటి, అల్మారీ గాలి. చాలా హాబ్‌లకు మంటకు కావాల్సిన గాలి కింది నుంచే పోతది. కింద తలుపులు గట్టిగ మూసి, ఎక్కడా సందు లేకుంటే హాబ్ ఎంత మంచిదైనా మంట పచ్చగనే వస్తది, జనం హాబ్‌ను తిట్టుకుంటరు. తలుపులకు జాలీ పెట్టించండి. సిలిండర్ అదే అల్మారీల ఉంటే జాలీ కింద నేల దగ్గర కూడ ఉండాలె, ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటది.

10. పని అయినంక చెక్ చేయండి, మెకానిక్ పోకముందే

సబ్బు నీళ్లు బ్రష్‌తో రెగ్యులేటర్ దగ్గర, పైపు రెండు చివర్ల, హాబ్ కింద మూల జాయింట్ దగ్గర, ప్రతి నాబ్ వెనక పూయండి. రెగ్యులేటర్ ఆన్, నాబ్‌లు అన్నీ ఆఫ్. బుడగలు వస్తే లీకే. అగ్గిపుల్ల పెట్టి చూసేటోళ్లు ఇంకా ఉన్నరు, ఆ పని ఎవరినీ చేయనియ్యొద్దు.

తర్వాత ఒక్కొక్కటి వెలిగించండి. మంట నీలంగ, నిలకడగ ఉండాలె. మంట బర్నర్ నుంచి పైకి లేచి "స్ స్" అని చప్పుడు చేస్తుంటే గాలి ఎక్కువైంది, పచ్చ కొసలు వస్తుంటే తక్కువైంది, రెండూ అక్కడనే సెట్ చేయించండి. సిమ్‌ల పెట్టి కింద అల్మారీ తలుపు కొంచెం గట్టిగ వేయండి, మంట ఆరితే సిమ్ సరిగ లేనట్టు. సేఫ్టీ ఉన్నదైతే మంట వెలుగుతుండగ ఊది ఆర్పండి, కొన్ని సెకన్లకు లోపల టక్కుమని చప్పుడు వచ్చి గ్యాస్ ఆగాలె. నిమిషం దాటినా ఆగకుంటే నాబ్ బంద్ చేసి, దాన్ని మార్చి ఇమ్మనండి.

మొదట్ల రాసుకున్న లీటర్ నీళ్ల లెక్క ఇప్పుడు తీయండి, అదే గిన్నె, అదే మూత, పెద్ద బర్నర్. పాతదాని కన్నా బాగ ఎక్కువ టైం పడ్తుంటే, ఆ బర్నర్ జెట్ వేరే సైజుది పడిందేమో చూడమనండి. తెల్లారి వంట చేసినంక గిన్నెల అడుగు చూడండి, మసి ఉంటే మళ్లా పిలవండి, ఫ్రీ సర్వీస్ టైంలనే ఇది తేలిపోవాలె.

వేడిగ ఉన్న గ్లాస్ మీద తడి బట్ట వేయడం, పొయ్యి మీది నుంచి దించిన కుక్కర్ నేరుగ గ్లాస్ మీదనే పెట్టడం ఇంట్ల అందరికీ మొదటి రోజే వద్దని చెప్పండి, ఇట్ల పగిలితే వారంటీ ఇయ్యరు. ఎప్పుడన్న గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండ, రెగ్యులేటర్ బంద్ చేసి, తలుపులు కిటికీలు తెరిచి, ఇంటి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి, ఆ నంబర్ రాత్రి పగలు పని చేస్తది, అల్మారీ తలుపు లోపల రాసి అతికించుకోండి.